గేటు మీద మూడో నంబరు

మా పక్కింటి గేటుకి మొన్న కొత్త రంగు పడింది. ఆకుపచ్చ పోయి నీలం వచ్చింది. అది నాకు నచ్చలేదు. నాకు నచ్చకపోవడం ఈ వీధిలో వార్తేమీ కాదు గనక ఊరుకున్నాను. సాయంత్రం పాలప్యాకెట్టు తీసుకుని తిరిగి వస్తున్నప్పుడు, ఆ నీలం మీద తెల్లగా కొత్తగా రాసిన అంకెలు చూసి మాత్రం కాలు ఆగిపోయింది. పది అంకెలూ ఉన్నాయి. ఏదీ ఎగిరిపోలేదు, ఏదీ రెండోసారి పడలేదు. కానీ ముందువైపు రెండు అంకెలు ఒకదాని చోట్లో ఒకటి కూర్చున్నాయి.

ఆ తప్పు హోసూరు మొత్తంలో నాకు తప్ప ఎవరికీ కనపడదు. కనపడాల్సిన మనిషి పోయి కొన్ని నెలలైంది. బతికున్నన్నాళ్ళూ నాతో ఒక్క వాదనలోనూ ఓడిపోని మనిషి, పోతూ పోతూ తన తగాదా ఒకటి నా నెత్తిన పెట్టిపోయింది.

పేరు రాయను. పేరు రాస్తే ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు వచ్చి, మా టీచరు అట్లా కాదు ఇట్లా అని నాతో గొడవ పెట్టుకుంటారు. వీధిలో అందరికీ ఆమె టీచరమ్మ. తెలుగు మీడియం పిల్లలకి లెక్కలు చెప్పి చెప్పి, చివరికి ఆ పిల్లలే కరువైపోయిన కాలంలో రిటైరైంది. పొట్టి మనిషి. గంజి పెట్టిన నూలు చీర, భుజాన గుడ్డసంచి, కళ్ళజోడు ముక్కు మీద కాకుండా నుదుటి మీద. జోడు దించిందంటే ఎదుటివాళ్ళు ఏదో తప్పు చేశారని అర్థం.

ఆమెకో మోపెడ్ ఉండేది. మా పక్క బండి కొనేవాళ్ళు ఇంజను చూడరు, నంబరు చూస్తారు. అంకెలన్నీ కూడి, వచ్చినదాన్ని మళ్ళీ కూడి, ఒక్క అంకెకి తెస్తారు. తొమ్మిది వస్తే పండగ. ఎనిమిది వస్తే శని. ఎనిమిది వచ్చిన బండిని చుట్టం కూడా ఉచితంగా తీసుకోడు. టీచరమ్మ షోరూములో నిలబడి, కూడితే ఎనిమిది వచ్చే బండి ఇవ్వమని అడిగి మరీ తెచ్చుకుంది. ఎవరైనా భయపెట్టబోతే ఒకటే జవాబు: "శని నా వెనక సీట్లో కూర్చొని వస్తాడమ్మా. బరువు లేదు, మాట లేదు. ఇంత మంచి తోడు యాడ దొరుకుతాడు?"

సిగ్నలు దగ్గర ఆగినప్పుడు ఊరికే ఉండేది కాదు. ముందు నిలబడ్డ బండి నంబరుని చూసి పెదవులు కదిపేది, మంత్రం చదివినట్టు. ఒకసారి నేను ఆమె బండి వెనక కూర్చుని బజారుకి పోతున్నాను. అంటే ఆ పూట శనికి సీటు లేదు. ముందు ఒక కొత్త కారు, చక్రాలకి నిమ్మకాయలు తొక్కించి అప్పుడే గుడి నుంచి వస్తున్నట్టుంది. టీచరమ్మ బండిని దాని పక్కకి తెచ్చి, వేలితో అద్దం తట్టింది.

"ఏమప్పా, నీ నంబరు ప్రైము."

కారులో ఆయన కంగారుపడ్డాడు. "ఏమ్మా? మంచిదా, చెడ్డదా?"

"మంచీ లేదు, చెడ్డా లేదు. ఒకటితో భాగం పోతాది, దానితో అదే పోతాది. ఇంగెవురూ దాన్ని సమానంగా పంచుకోలేరు."

"అన్నదమ్ములతో గలాటా వస్తాదా?"

"అది నీ నంబరు చేతిలో లేదప్పా, నీ నోటి చేతిలో ఉండాది," అని బండి ముందుకి దూకించింది.

తొంభై ఒకటి అంటే ఆమెకి పడేది కాదు. "చూసేదానికి ఎవురితోనూ పొత్తు లేనట్ల ఉంటాది. లోపల ఏడు, పదమూడు కాపరం చేస్తా ఉంటాయి," అని ముఖం చిట్లించేది. ఒక సంఖ్య మీద అంత వ్యక్తిగతమైన కోపం నేను ఇంకెవరిలోనూ చూడలేదు. ఆమె పుట్టింది సామల్పట్టిలో. చిన్నప్పుడు స్టేషన్లో ఆగిన గూడ్సు పెట్టెల మీద నంబర్లు చూస్తూ, బండి కదిలేలోగా ఏది దేనితో భాగం పోతుందో తేల్చేదట. బండి ముందే కదిలితే ఏడ్చేదట. ఈ సంగతి ఆమే చెప్పింది, గర్వంగా.

రఫ్ పనికి ఆమె కాగితం కొనేది కాదు. గోడకి వేలాడే దినసరి క్యాలెండరు ఉంటుంది కదా, రోజుకో కాగితం చింపేది, ఆ చింపిన కాగితాలన్నీ డబ్బాలో దాచేది. ముందువైపు రాహుకాలం, రాశిఫలాలు. వెనకవైపు తెల్లగా. "ముందు పక్క అబద్ధం, వెనక పక్క నిజం. రెండూ ఒకే కాగితంలో ఇస్తా ఉండారు, పాపం," అనేది.

ఇక ఆ గేటు. మా వీధికి ఇంటి నంబర్లు రెండుసార్లు మారాయి. అందుకే అందరి గోడల మీదా పాత నంబరు, కొత్త నంబరు అని రెండు వరసలుంటాయి. టీచరమ్మ గేటు మీద మాత్రం మూడు వరసలు. పాత నంబరు. కొత్త నంబరు. దాని కింద, వాటికంటే పెద్దగా, 3816547290. నంబర్లు సరిచూడటానికి వచ్చిన ఆఫీసతను, ఇదేం నంబరమ్మా అని అడిగితే, "ఆ రెండూ మీరు మార్చే నంబర్లు. ఇది మీ అబ్బ వచ్చినా మార్చలేని నంబరు," అందట. అతను ఏమీ రాసుకోకుండా వెళ్ళిపోయాడు.

నాకు ఆమెతో పరిచయం ఆ నంబరు మీద జగడంతోనే మొదలైంది. ఆమె మేడ మీద వాటా ఖాళీగా ఉండేది. ఫ్యాక్టరీ పనికి ఊళ్ళోకి వచ్చేవాళ్ళంతా బాడుగ ఇల్లు వెతుక్కుంటూ ఈ వీధిలో పడతారు. గేటు మీద పది అంకెలు కనపడగానే ఫోను నంబరనుకుని కొట్టేవాళ్ళు. అది ఎక్కడికీ పోదు. పోకపోయేసరికి వచ్చి మా ఇంటి బెల్లు కొట్టేవాళ్ళు. "మేడమ్, పక్కింటి ఫోను తగలడం లేదు." అన్నం తింటున్నా బెల్లే, కునుకు తీస్తున్నా బెల్లే. ఒకరోజు ఇంక పట్టలేక, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ నేరుగా ఆమె వాకిట్లోకి పోయాను.

"టీచరమ్మా, ఆ నంబరు తుడిపేస్తారా, లేదా?"

"యా నంబరు? నాకి మూడుండాయి."

"మూడోది. లోకమంతా వచ్చి నా బెల్లు కొడతా ఉండారు. నేనేమన్నా మీ ఇంటికి ఆపరేటరునా?"

ఆమె జోడు దించింది. "మూడుతో మొదలయ్యే సెల్లు నంబరు యాడన్నా చూసినావా? అంత కూడా తెలీనోళ్ళకి నేను ఇల్లు ఇయ్యను."

"ఫోను నంబరు కాకుంటే మరి ఏమిటికి రాసినట్ల?"

ఆ మాటకి ఆమె ముఖం ఒక్కసారి మారిపోయింది. పిల్లలకి సెలవని చెప్పినప్పుడు వాళ్ళ ముఖాలు మారతాయి చూడండి, అట్లా.

"అడిగినావు! ఎంతమందో కూడి చూసినారు, ఎంతమందో ఫోను కొట్టి చూసినారు. ఏమిటికని అడిగింది నువ్వొక్కదానివే. రా లోపలికి."

"నేను అడగను రాలేదు. జగడానికి వచ్చినాను."

"రెండూ ఒకటేలే. రా, కూర్చో."

అప్పుడర్థమైంది, ఆ గేటు మీద ఉన్నది ఎర. చెప్పడానికి పిల్లలు లేరు. ఎవరైనా ఒక్కరు ఆగి, ఇదేమిటని అడిగి, కూర్చుని చేసి చూడాలి. ఆమెకి కావాల్సింది అంతే. చిక్కిన చేప మాత్రం నేను. బీయే చరిత్ర.

క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి ఆ పది అంకెలూ రాసింది. నా చేతికి పెన్నిచ్చింది.

"మొదటి రెండంకెలు తీసుకో. ఎంత?"

"ముప్పై ఎనిమిది."

"రెండుతో పోతాదా?"

"పోతాది."

"మొదటి మూడు. మూడుతో."

మూడువందల ఎనభై ఒకటి. మూడు నూట ఇరవై ఏడులు, శేషం లేదు. మొదటి నాలుగంకెలు నాలుగుతో. శేషం లేదు. ఐదంకెలు ఐదుతో, ఆరంకెలు ఆరుతో. నేను ముఖం ముడుచుకునే చేస్తున్నాను గానీ, ప్రతి మెట్టు దగ్గరా కింద సున్నా వస్తుంటే చేతికి వేగం వచ్చేసింది. ఏడంకెలు ఏడుతో: అయిదు లక్షల నలభై అయిదు వేల రెండు వందల ఇరవై ఒకటి, గీసినట్టు సరిగ్గా. ఎనిమిదంకెలు ఎనిమిదితో, తొమ్మిది తొమ్మిదితో, మొత్తం పది పదితో. ఎక్కడా ఏదీ మిగల్లేదు. సున్నా నుంచి తొమ్మిది దాకా ప్రతి అంకే ఉంది, ఒక్కొక్కటి ఒక్కసారే ఉంది.

బాగుందనిపించింది. అయితే బాగుందని పైకి అంటే నేనెందుకవుతాను?

"సరే. ఇట్లాంటివి చానా ఉంటాయి," అన్నాను.

"లేవు. ఇదొక్కటే."

"ఎట్ల చెప్తారు? లోకమంతా తిరిగి చూసినారా?"

టీచరమ్మ లేచి నిలబడింది. "ఇంగొకటి తీసుకొని రా. పది అంకెలూ ఉండాల, ఒక్కోటి ఒక్కసారే ఉండాల, సున్నాని తలకి పెట్టి మోసం చెయ్యకూడదు. తెచ్చినావంటే ఆ గేటు మీది నంబరు నా చేత్తో నేనే తుడిపేస్తాను. నీ బెల్లు ఇంగ మోగదు."

"తేలేకపోతే?"

"మోగతానే ఉంటాది. వచ్చినోళ్ళకి నువ్వే చెప్పుకో అది ఏమి నంబరో."

ఇంటికి వచ్చి, పప్పు పొయ్యి మీద పెట్టి, మొదలుపెట్టాను. మా ఆయన చూసి, "చరిత్ర చదివినదానివి నీకెందుకు?" అన్నాడు. చరిత్రలో ఎంతమంది ఇట్లాంటి పంతాల మీద కోటలు పోగొట్టుకున్నారో ఆయనకి తెలియదు. అంకెలు ఇటు తిప్పాను, అటు తిప్పాను. నాలుగు దగ్గర చెడేవి కొన్ని, ఆరు దగ్గర చెడేవి కొన్ని. విసుగొచ్చి, తలా తోకా లేకుండా, తొమ్మిది నుంచి వరసగా కిందికి దిగుతూ సున్నా దాకా రాశాను. తొమ్మిది, ఎనిమిది, ఏడు, ఆరు, అట్లా. ఊరికే చేసి చూద్దామని రెండుతో మొదలుపెట్టాను. పోయింది. మూడుతో పోయింది. నాలుగుతో పోయింది. ఐదు, ఆరు పోయాయి. ఏడో ఎక్కం నాకు చిన్నప్పటి నుంచీ పడదు గనక, దాన్ని తర్వాత చూద్దామని దాటేసి ఎనిమిదితో చేశాను. జవాబు చూసి కుర్చీలోంచి లేచాను. 12345679. దిగుతున్న సంఖ్యని ఎనిమిదితో భాగిస్తే ఎక్కుతున్న సంఖ్య వచ్చింది, మధ్యలో ఎనిమిది ఒక్కటే లేకుండా! ఇంత ముచ్చటైన సంఖ్య తప్పెట్లా అవుతుంది? తొమ్మిది, పది కూడా పోయాయి. ఆ ఆనందంలో ఏడు సంగతి మర్చేపోయాను. పప్పు మాడిన వాసన పక్కింటికి నాకంటే ముందే వెళ్ళి ఉంటుంది.

టీచరమ్మ కాగితం తీసుకుని చూసింది. లోపలికి పోయి కిరసనాయిలు సీసా, ఒక పాతగుడ్డ తెచ్చింది. గేటు దగ్గరికి నడిచింది. ఓడిపోయినవాళ్ళు ఇంత మర్యాదగా ఉంటారా అని నాకు కొంచెం జాలి కూడా వేసింది. అప్పుడే తోపుడుబండి మీద కూరగాయలమ్మే అమ్మ కూడా అక్కడ ఆగింది. నా గెలుపుకి సాక్షి దొరికిందని సంబరపడ్డాను.

"తుడుస్తానమ్మా, మాటంటే మాటే," అంది టీచరమ్మ గుడ్డ తడుపుతూ. "ఏడుతో చేసినావు కదా?"

నేను కాగితం కోసం చెయ్యి చాపాను.

"ఈడ్నే చెయ్యి. నోటితో."

ఆ వీధిలో, ఆ ఎండలో, గేటు ముందు నిలబడి ఏడంకెల సంఖ్యని ఏడుతో భాగించాను. కూరగాయలమ్మ కూడా వేళ్ళు లెక్కపెడుతోంది, సాయం చేస్తున్నట్టు.

"మిగిలిందెంత?"

"...ఐదు."

టీచరమ్మ సీసా మూత బిగించింది. తడపని కొస చూసి గుడ్డ నా చేతికిచ్చింది. "మొగం తుడుచుకోమ్మా. చెమటలు పట్టినాయి."

కూరగాయలమ్మ పకపకా నవ్వి, "పోనీలేక్కా, ఐదే కదా మిగిలింది, ఎక్కువ కాదు," అని నన్ను ఓదార్చింది. ఆ ఓదార్పుకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఓడినదాన్ని ఊరికే పంపదు కదా. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, రెండోది ఎందుకు లేదో చెప్పింది. హోసూరు నుంచి కృష్ణగిరి పోయే బస్సులో పెట్టి చెప్పింది.

"పది సీట్ల బస్సు అనుకో. పదో సీటు సున్నాది. వాడు ఇంగ యాడా కూర్చోలేడు. ఐదో సీటు ఐదుది. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, ఈ సరి సీట్లు ఆడోళ్ళవి అనుకో, సరి అంకెలు ఆడ్నే కూర్చోవాల. మిగిలిన బేసి అంకెలు బేసి సీట్లలో. అర్థమాయెనా?"

"ఆయె. ఆడోళ్ళకి నాలుగే సీట్లా?"

"జగడం తర్వాత. ఇప్పుడు మూడు తన మాట చెప్తాది, నాలుగు తన మాట చెప్తాది, ఆరు, ఎనిమిది వాటి మాట చెప్తాయి. అన్నీ వింటా పోతే, ఎన్ని లక్షల వరసలు ఉన్నా, చివరికి నిలిచేది పదే పది వరసలు. పదీ పెద్దమనుషులే. ఒకరి మీదా చెయ్యి చూపించేదానికి లేదు. బస్సు శూలగిరి చేరతాది. ఆడ చెకింగు ఎక్కుతాడు."

"ఎవురు?"

"ఏడు. మిగతా వాళ్ళందరికీ సులువు దారి ఉండాది. చివరి అంకె చూసి చెప్పొచ్చు, కూడి చెప్పొచ్చు. ఏడుకి మాత్రం కూర్చొని పని చెయ్యాల. వాడు ఒక్కొక్కరినీ టిక్కెట్టు అడుగుతాడు. తొమ్మిది మందిని దింపేస్తాడు. కృష్ణగిరి చేరేది ఒక్కడే." వేలితో గేటు వైపు చూపించింది. "నువ్వు తెచ్చినోడు మెట్లు దిగినట్ల వరసగా దిగి వచ్చినాడు, చానా మర్యాదస్తుడు మాదిరి. టిక్కెట్టు లేదు."

ఆ రోజు నుంచీ బెల్లు మోగుతూనే ఉంది, నేను లేస్తూనే ఉన్నాను, అది ఫోను నంబరు కాదప్పా అని చెబుతూనే ఉన్నాను. ఆమె కిటికీలోంచి వింటూ ఉండేది. సరిగ్గా చెప్పకపోతే అక్కణ్ణించే దిద్దేది.

ఆమె దగ్గర ఒక దుర్మార్గమైన నియమం ఉండేది. జవాబు సరిగ్గా ఉన్నా, స్టెప్పులు తప్పయితే సున్నా. సగం మార్కులు కూడా కాదు, సున్నా. ఒకసారి ఒక పిల్లాడి నాన్న, టెంపో నడిపే ఆయన, పాత కక్ష గుర్తొచ్చి బజార్లో పట్టుకున్నాడు. "జవాబు కరెక్టే కదమ్మా, మావాడికి సున్నా ఏమిటికి వేసినారు?" టీచరమ్మ సొరకాయ గిల్లి చూస్తూనే అంది: "యాడనించి వచ్చిందో చెప్పలేని జవాబు దొంగసొత్తప్పా. నీ టెంపోలో వేసుకుంటావా?" ఇది అన్యాయమని నేను ఆమెతో చాలా వాదించాను. లోకంలో జవాబు వస్తే చాలు, దారి ఎవరు అడుగుతారన్నాను. "నేనడుగుతాను," అంది. అంతే, వాదన ముగిసింది.

మోకాళ్ళు మొండికేశాక తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయింది, ఊత్తంగరై దగ్గర కల్లావికి. వెళ్ళే రోజు కారు వాకిట్లో ఉంది. తమ్ముడి కొడుకు సామాను ఎక్కిస్తున్నాడు. ఆమె నన్ను పిలిచింది.

"ఇంటి తాళంచెవి వాడికిచ్చినాను. ఇది నీకి," అంది గేటు మీది మూడో నంబరు చూపించి.

"నాకేమిటికి? నేనే కదా దీన్ని తుడిపించను వచ్చినదాన్ని."

"అందుకే. దీన్ని ఎవురైనా ముట్టుకుంటే నువ్వు ఊరికే ఉండవు. నీకి జగడం చేతనవుతాది. వాడికి కాదు, వాడు మంచోడు."

"మంచోడు" అనే మాట ఆమె నోట్లో తొంభై ఒకటి లాగే పలికింది. నవ్వొచ్చింది. కారు కదిలాక నవ్వు ఆగింది. మళ్ళీ రాలేదు ఆమె. కబురు మాత్రం వచ్చింది.

ఇప్పుడు ఆ మంచోడే ఇల్లు అమ్మకానికి పెట్టి, గేటుకి నీలం రంగు వేయించాడు. రంగు వేసినతను గోడ మీది రంగు మరకలు కడుగుతుంటే తమ్ముడి కొడుకు కూడా అక్కడే కనపడ్డాడు. నేను పాలప్యాకెట్టు చేత్తోనే వెళ్ళాను.

"ఏమప్పా, ఆ నంబరు ఎవురు మార్చమన్నారు?"

"మార్చలేదక్కా, సరిచేసినాను." ముఖంలో ఏ కల్మషమూ లేదు. "అత్త ఆశపడింది కదా, అందుకే తుడిపేయలేదు. కృష్ణగిరిలో నంబర్లు చూసే సామిని అడిగినాను. కూడితే తొమ్మిది వస్తాది, చానా మంచిది అన్నాడు. మూడు మాత్రం ముందుండకూడదంట, ఒకటి ముందుంటే ఇల్లు త్వరగా పోతాదంట. అందుకని మూడునీ ఒకటినీ అటిటు చేసినాము. ఇప్పుడు కూడినా తొమ్మిదే!"

"పది అంకెల్నీ ఎట్ల తిప్పినా తొమ్మిదే వస్తాదప్పా."

"అదే కదక్కా నేను చెప్పేది! ఎట్ల తిప్పినా మంచిదే."

టీచరమ్మ అన్నది నిజం. వీడు నిజంగానే మంచోడు. వీడితో వాదించడం పరుపుని గుద్దడం లాంటిది. అయినా పద్ధతిగానే మొదలుపెట్టాను. మొదటి రెండు రెండుతో, మొదటి మూడు మూడుతో, మీ అత్త ఇట్లా రాసింది, ఇట్లాంటిది ఒకటే ఉంది, నువ్వు రాసింది అది కాదు. వాడు వినయంగా తలూపాడు. పెద్దవాళ్ళు మాట్లాడేటప్పుడు ఊపే తల అది. "సరేక్కా. ఉండేది గేటే కదా, కొనేవాళ్ళు రేపో ఎల్లుండో పగలగొట్టి షట్టరు పెట్టుకుంటారు."

కిరసనాయిలు సీసా మూత బిగించిన చెయ్యి గుర్తొచ్చింది నాకు. ఆమె అయితే ఇంకో కాగితం తీసి మళ్ళీ మొదటి నుంచి చెప్పేది. నాకంత ఓపిక లేదు. నా దగ్గర ఉన్నది నోరు.

"ఫోను తియ్యప్పా. క్యాలుక్యులేటరు. ఇప్పుడు గేటు మీదుండే నంబర్లో మొదటి ఏడంకెలు కొట్టు. ఏడుతో భాగించు."

కొట్టాడు. "రెండు లక్షల అరవై రెండు వేల... పాయింటు వచ్చిందక్కా."

"పాయింటు తర్వాత ఏముండాది?"

"ఎనిమిది, ఐదు, ఏడు, ఒకటి, నాలుగు, రెండు, మళ్ళీ ఎనిమిది, ఐదు, ఏడు..." వాడు ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు.

"మొట్టమొదట ఏముండాది?"

"ఎనిమిది."

"మీ సామి కూడి చూసినాడు. లోపల ఎనిమిది కూర్చొని ఉండేది చూడలేదు. ఒకసారి కాదు, చూడు, మళ్ళీ మళ్ళీ అదే వస్తా ఉండాది. ఇల్లు చూసేదానికి వచ్చినోళ్ళు కూడా ఇట్లే తిరుగుతా ఉంటారు, కొనరు. ఇప్పుడు మీ అత్త రాసింది కొట్టు. మూడు ముందు పెట్టి."

కొట్టాడు. చూశాడు. ఫోను నా ముఖం ముందు పెట్టాడు. 545221. పాయింటు లేదు, ఎనిమిదీ లేదు.

"అక్కా! అత్తకి ఇదంతా తెలుసునా?"

"తెలీకుండానే రాసిందా?"

వాడు రంగు వేసినతని వైపు పరుగెత్తాడు. నేను పాలప్యాకెట్టు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. గెలిచాను. ఎట్లా గెలిచాను? ఆమె ఇన్నేళ్ళు మోపెడ్ వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పి నవ్వులపాలు చేసిన ఆ ఎనిమిదినే అడ్డం పెట్టుకుని గెలిచాను. జవాబు కరెక్టు. స్టెప్పులన్నీ తప్పు. కిటికీ మూసి ఉంది కాబట్టి బతికిపోయాను గానీ, లేకపోతే అక్కణ్ణించే సున్నా పడేది.

మరుసటి పొద్దున రంగతను వచ్చాడు. నడివయసు మనిషి, చెవిలో పెన్సిలు. మూడునీ ఒకటినీ చెరిపి మళ్ళీ రాయడానికి రెండు పూటలు పని పోతుందని సణుగుతూనే ఉన్నాడు. నేను మా గేటు దగ్గర నిలబడి కాపలా కాస్తున్నాను. మనుషుల్ని నమ్మొచ్చు గానీ అంకెలు రాసేవాళ్ళని నమ్మకూడదని నాకు కొత్తగా తెలిసింది.

"ఇది ఫోను నంబరామ్మా? నిన్న కొట్టి చూసినాను, పోలేదు," అన్నాడు.

"కాదప్పా."

"మరి దీనికి ఏమిటికమ్మా ఇంత గలాటా? సుమ్నే, ఊరికే పది అంకెలు. అటూ ఇటూ చేస్తే ఇట్లాంటివి నేనూ పది రాస్తాను."

నేను అతన్ని ఎగాదిగా చూశాను. ఆమె జోడు నా దగ్గర ఉంటే ఆ క్షణాన దించి ఉండేదాన్ని. పది! తెలిసి అన్నాడా, తెలియక అన్నాడా? తెలియకే అన్నాడు. అయినా సరిగ్గా పదే అన్నాడు.

"పది రాస్తావు. తొమ్మిది శూలగిరిలో దిగిపోతాయి."

"శూలగిరికి ఏమిటికి పోతాయమ్మా?"

లోపలికి వెళ్ళి మా గోడ మీది క్యాలెండరులో నిన్నటి కాగితం చింపాను. ముందువైపు ఏదో రాశికి లాభం అని రాసి ఉంది. వెనక్కి తిప్పి, పెన్నుతో పాటు గేటు మీది నుంచి అందించాను. అతను తడి చెయ్యి లుంగీకి తుడుచుకుని తీసుకున్నాడు. మెట్టు మీద కూర్చుని, గేటు మీద తను మళ్ళీ రాసిన నంబరు ఒకసారి చూసి, మొదటి రెండంకెలూ రాసుకున్నాడు.

"జవాబు చెప్తే చాలు కదమ్మా?"

"చాలదు. స్టెప్పులు రాయప్పా," అన్నాను. "ఏడు మాత్రం దాటేయొద్దు."